ఒక సప్లై, రెండు గ్రౌండ్లు: ఐసోలేషన్‌కి ఏది కొనాలి?

డాబా మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోవాలని ఈఎస్పీ32తో (వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్) ఒక బోర్డు చేసుకున్నాను. టేబుల్ మీద మూడు రోజులు నడిపి చూశాను, ఎక్కడా వంక లేదు. గోడకు బిగించి మోటారు కాంటాక్టర్ (మోటారును ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్చు) తగిలించాక మొదలైంది గోల. మోటారు ఆగేటప్పుడు కాంటాక్టర్ టక్కుమనగానే బోర్డు రీసెట్. పదిసార్లలో ఆరేడుసార్లు ఇదే తంతు. కాంటాక్టర్‌ని నడిపే రిలే బోర్డు మీద ఆప్టోకప్లర్లు (వైరు కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించే చిప్పులు) ఉన్నాయి కదా, రెండు వైపులకీ సంబంధమే లేదు కదా అనుకుంటూ వచ్చాను. చివరికి మల్టీమీటరు బీప్ మోడ్‌లో పెట్టి ఒక మొన ఈఎస్పీ గ్రౌండుకి, ఇంకో మొన రిలే గ్రౌండుకి ఆనిస్తే, చక్కగా బీప్‌మంది, అంటే రెండూ కలిసే ఉన్నాయి.

ఎందుకు మోగదు? రెండింటికీ 5 వోల్టులు ఒకే అడాప్టరు నుంచి లాగాను. సిగ్నల్ దారిలో ఎన్ని ఆప్టోకప్లర్లు పెట్టినా, మైనస్ వైరు రెండు వైపులా ఒకటే అయితే దొడ్డిదారి తెరిచే ఉన్నట్టు. ఆ దారి కూడా మూసి రెండు వైపులనీ పూర్తిగా విడదీయడమే ఐసోలేషన్.

సరే, వేరే సప్లై తెద్దామని హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సరుకు దొరికే గుజరాతీ గల్లీకి వెళ్ళి "ఐసోలేటెడ్ ఫైవ్ వోల్ట్ కావాలి" అని అడిగితే, కౌంటర్లో కుర్రాడు నీలం రంగు చిన్న బోర్డు ఒకటి చేతిలో పెట్టాడు. "గిది పెట్టు అన్నా, ఔట్‌పుట్ వేరే వస్తది, మస్తు నడుస్తది." అది ఎల్ఎమ్2596 బక్ కన్వర్టరు, అంటే డీసీ వోల్టేజీని తగ్గించే బోర్డు. మంచి సరుకే, కానీ ఐసోలేషన్‌కి పనికిరాదు. దాని ఇన్‌పుట్ మైనస్సు, ఔట్‌పుట్ మైనస్సు బోర్డు మీద ఒకే రాగి పట్టీ. ఎంపీ1584, ఎక్స్ఎల్6009, 7805 అన్నీ ఇదే బాపతు. వోల్టేజీ మారుస్తాయి, గ్రౌండును విడదీయవు. గ్రౌండు విడిపోవాలంటే మధ్యలో ఎక్కడో ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, లేదా ఒక వైపు బ్యాటరీ మీద నడవాలి. కొనేముందు రెండు మైనస్సుల మధ్య బీప్ పెట్టి చూస్తే చాలు, ఎవరినీ అడగక్కర్లేదు.

ముందు ఎందుకో తేల్చుకోండి

ఐసోలేషన్ కావాలనేవాళ్ళ అవసరాలు ఒక్కటి కావు. నాలాగా కొందరిది నాయిస్ గొడవ: రిలే, మోటారు, కాంటాక్టర్ వైపు నుంచి వచ్చే కుదుపు మైక్రోకంట్రోలర్ మీద పడకూడదు. కొందరిది కొలత గొడవ: కొలిచే పరికరం గ్రౌండు, కొలవాల్సిన చోటు గ్రౌండు వేరువేరు. మూడోది ప్రాణానికి సంబంధించింది: ఒక వైపు సర్క్యూట్ నేరుగా 230 వోల్టుల మెయిన్స్‌తో కలిసి ఉంది, ఇంకో వైపు మనం చెయ్యి పెడతాం. మొదటి రెండింటికీ సరిపోయే సరుకు మూడోదానికి సరిపోదు. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

బెంచ్ పవర్ సప్లై సొంతంగా చేసుకునేవాళ్ళు రెండో గొడవలో పడతారు. ఐసీఎల్7106 చిప్‌తో వచ్చే 9 వోల్టుల ఎల్‌సీడీ ప్యానెల్ మీటరు తెచ్చి, ఏ వోల్టేజీని కొలుస్తున్నారో దాన్నుంచే మీటరుకీ సప్లై ఇస్తారు. అంకెలు పిచ్చిగా తిరుగుతాయి, ఒక్కోసారి చిప్ పోతుంది. ఆ చిప్‌లో కామన్ అనే పిన్ను ప్లస్ సప్లైకి సుమారు 2.8 వోల్టులు కింద ఉంటుంది. సప్లై మైనస్ దగ్గర ఉండదు. మీటరు మైనస్ మొనను ఆ కామన్‌కి కలిపి ఉంచిన మీటర్లలో, సప్లై మైనస్సునీ కొలిచే మైనస్సునీ ఒకటి చేస్తే రెండు వేరువేరు వోల్టేజీలను షార్ట్ చేసినట్టే. మీటరు పాడైందని ఇంకోటి కొంటారు. అదీ అంతే చేస్తుంది.

రెండు అడాప్టర్లు

అన్నిటికంటే తేలిక ఇదే. ఇంట్లో పాత ఫోన్ ఛార్జర్లు ఎలాగూ ఉంటాయి. ఒకటి మైక్రోకంట్రోలర్‌కి, ఒకటి రిలేకి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి గ్రౌండ్లు విడిగానే ఉంటాయి. నాణ్యమైన అడాప్టరైతే మెయిన్స్ నుంచి రక్షణ కూడా దానిదే. 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుంది కాబట్టి ఊళ్ళో సాయంత్రం లో వోల్టేజీకీ భయం లేదు.

కాకపోతే ఒక సంగతి ఉంది. ఛార్జింగ్ పెట్టిన ఫోన్ లేదా లాప్‌టాప్ మెటల్ మీద వేలు మెల్లగా రాస్తే జుమ్ముమంటుంది చూడండి, అది లోపలి వై-కెపాసిటర్ పని. రెండు పిన్నుల అడాప్టర్లలో మెయిన్స్ వైపుకీ ఔట్‌పుట్ వైపుకీ మధ్య నాయిస్ తగ్గించడానికి దాన్ని పెడతారు. 2.2 నానోఫారడ్ అనుకుందాం. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర దాంట్లోంచి 0.16 మిల్లీ ఆంప్స్ దాకా కారుతుంది. మనిషికి ప్రమాదం లేదు. కానీ కాంటాక్టర్ విడిచినప్పుడు పుట్టే కుదుపు 50 హెర్ట్జ్ కాదు, మెగాహెర్ట్జుల్లో ఉంటుంది. ఆ వేగంలో అదే కెపాసిటర్ దాదాపు వైరు ముక్కతో సమానం. పైగా రెండు అడాప్టర్లూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చుతాం. డీసీకి అవి రెండు వేరు సప్లైలు. నాయిస్‌కి మాత్రం గోడలో తలుపు ఉన్నట్టే.

అందుకని ఈ దారి మామూలు రిలే పనులకు చాలు. సున్నితమైన కొలతలకు, ఆడియోకి నేను పెట్టను.

రిలే బోర్డు మీద ఆ చిన్న జంపర్

బజారులో దొరికే నీలం రిలేల బోర్డుకు ఒక మూలన మూడు పిన్నులుంటాయి: జేడీ-వీసీసీ, వీసీసీ, గ్రౌండ్. మొదటి రెండింటిమీదా పసుపో నలుపో రంగు జంపర్ తొడిగి వస్తుంది. అది ఉన్నంతసేపూ ఆప్టోకప్లర్లు అలంకారమే. జంపర్ పీకేసి, రెండో సప్లై ప్లస్ జేడీ-వీసీసీకి, మైనస్ దాని పక్కనే ఉన్న గ్రౌండుకి ఇవ్వాలి. కంట్రోలర్ వైపు నుంచి వీసీసీ, ఇన్‌పుట్ వైర్లు మాత్రమే వెళ్ళాలి. ఇన్‌పుట్ పిన్నుల వరసలో కూడా గ్రౌండ్ అని ఇంకోటి రాసి ఉంటుంది, చెయ్యి లాగుతుంది, కలపకండి. అది రిలే వైపు గ్రౌండు. దాన్ని కలిపితే చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఈఎస్పీ32 వాడేవాళ్ళకు ఒక మాట. ఆ వీసీసీకి 3.3 వోల్టులు ఇస్తే రిలే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. ఆప్టో లోపలి ఎల్ఈడీ సుమారు 1.2 వోల్టులు, దానికి సిరీస్‌లో ఉన్న ఎర్ర ఇండికేటర్ ఎల్ఈడీ సుమారు 1.8 తినేస్తాయి. 1 కిలో ఓమ్ రెసిస్టరుకి మిగిలేది 0.3 వోల్టులు, అంటే కరెంటు 0.3 మిల్లీ ఆంప్స్. దానితో ఆప్టో ఏం తెరుచుకుంటుంది? 5 వోల్టులు ఇస్తే 2 మిల్లీ ఆంప్స్ పారుతుంది. ఈఎస్పీ ఔట్‌పుట్ పిన్ను 3.3 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు మిగిలిన 1.7 ఆ రెండు ఎల్ఈడీలను వెలిగించలేదు కాబట్టి రిలే సరిగ్గానే ఆఫ్ అవుతుంది.

నాలుగు పిన్నుల చిన్న మాడ్యూల్

ఉన్న ఒక్క అడాప్టరులోంచే రెండో గ్రౌండు పుట్టించాలంటే నా మొదటి ఓటు బీ0505ఎస్-1డబ్ల్యూకి. వేలి గోరంత నల్ల డబ్బీ, నాలుగు కాళ్ళు. రెండు కాళ్ళకు 5 వోల్టులు ఇస్తే, మిగతా రెండిట్లో గ్రౌండు విడిపోయిన 5 వోల్టులు వస్తాయి. 1 వాట్, అంటే 200 మిల్లీ ఆంప్స్. 12 నుంచి 5కి, 5 నుంచి 9కి కూడా ఇదే కుటుంబంలో దొరుకుతాయి. పైన ప్యానెల్ మీటరుకి బీ0509ఎస్ సరిపోతుంది. రెండు వైపుల మధ్య కెపాసిటెన్స్ 20 పికోఫారడ్ ప్రాంతంలో ఉంటుంది. అడాప్టరులో 2.2 నానోఫారడ్ అనుకున్నాం కదా, దానిలో వందో వంతు. నాయిస్ విషయంలో ఇది రెండో అడాప్టరు కంటే మేలని నేననేది అందుకే.

దీనికీ బుద్ధులున్నాయి. లోపల రెగ్యులేషన్ లేదు. ఇన్‌పుట్ పది శాతం పడితే ఔట్‌పుట్ అంతకంటే కొంచెం ఎక్కువే పడుతుంది. లోడు తీసేస్తే పైకి లేస్తుంది. కనీసం పదో వంతు లోడు, అంటే 20 మిల్లీ ఆంప్స్, ఎప్పుడూ ఉండాలి. ఔట్‌పుట్ మీద 220 ఓమ్‌ల రెసిస్టరు ఒకటి అడ్డంగా వేస్తే 23 మిల్లీ ఆంప్స్ తీసుకుంటుంది, సరిపోతుంది. ఐసీఎల్7106 మీటరు తాగేది ఒకటి రెండు మిల్లీ ఆంప్సే కాబట్టి అక్కడ ఇలాంటి లోడు రెసిస్టరు మరీ ముఖ్యం. సెన్సరుకి కచ్చితమైన వోల్టేజీ కావాలంటే దీని తర్వాత హెచ్‌టీ7333 లాంటి రెగ్యులేటర్ పెట్టి 3.3 చేసుకోవాలి. సప్లై బాగుండాలని ఔట్‌పుట్ మీద వెయ్యి మైక్రోఫారడ్ కెపాసిటర్ వెయ్యకండి, చిన్న మాడ్యూళ్ళు దాన్ని షార్ట్ అనుకుని లేవలేక చస్తాయి. డేటాషీటులో గరిష్ఠ కెపాసిటివ్ లోడు అని ఒక వరస ఉంటుంది, అది చూడండి. పాత రకాలకు షార్ట్ సర్క్యూట్ రక్షణ కూడా ఉండదు.

ఎవరిని ఏ వైపు పెట్టాలన్నది కూడా ఇక్కడే తేలాలి. ఈఎస్పీ32 వైఫై వాడేటప్పుడు క్షణకాలం 500 మిల్లీ ఆంప్స్ దాకా లాగుతుంది. దాన్ని ఈ మాడ్యూల్ మీద పెడితే వైఫై కలిసే ప్రతిసారీ కూలబడుతుంది. ఎక్కువ తినేదాన్ని అడాప్టరు మీదే ఉంచి, సెన్సరో రిలే కాయిలో, తక్కువ తినేదాన్ని మాడ్యూల్ మీదికి తొయ్యాలి. బజారు రిలేలో 5 వోల్టుల కాయిలు సుమారు 70 ఓమ్‌లు, అంటే 71 మిల్లీ ఆంప్స్. ఒకటి, మహా అయితే రెండు రిలేలు దీనిమీద నడుస్తాయి. ఎనిమిది రిలేల బోర్డుకి 570 కావాలి, అక్కడ రెండో అడాప్టరే దిక్కు.

ఇప్పుడు అసలు హెచ్చరిక. డేటాషీటులో ఐసోలేషన్ 1500 వోల్టులు అని చూసి, 230 ఎంతలే అనుకోవద్దు. అది ఒక్క నిమిషం పెట్టి చూసే పరీక్ష, రోజూ మోసే బరువు కాదు. అరచేతిలో పెట్టుకుని చూస్తే మీకే అర్థమవుతుంది: నాలుగు కాళ్ళూ పక్కపక్కనే, కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. టంకం వేశాక రెండు ప్యాడ్ల మధ్య మిగిలేది ఒక మిల్లీమీటరు ప్రాంతం. పీసీ817 ఆప్టోకప్లర్‌ని పక్కన పెట్టి చూడండి, దాని రెండు వరసల మధ్య 7.62 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. మెయిన్స్‌కీ మనిషికీ మధ్య కావాల్సింది ఆ దూరం. అందుకే మెయిన్స్‌తో కలిసిన వైపుకి బీ0505ఎస్ పెట్టకండి. వానాకాలం తేమా, బల్లి రెట్టా, దుమ్మూ ఆ ఒక్క మిల్లీమీటరును ఎప్పుడు కలుపుతాయో చెప్పలేం.

మెయిన్స్ వైపు సర్క్యూట్ ఉంటే

ఆ పనికి హెచ్ఎల్‌కే-పీఎమ్01 లాంటి సీల్ చేసిన ఏసీ-డీసీ మాడ్యూల్ నయం. 230 వోల్టులిస్తే 5 వోల్టులు, 600 మిల్లీ ఆంప్స్ ఇస్తుంది. ముందు ఫ్యూజు, అడ్డంగా ఒక ఎమ్‌ఓవీ (వోల్టేజీ స్పైకులను మింగే భాగం) పెట్టాలి, అవి మానేసి మాడ్యూల్ కాలిపోయిందని తిడితే లాభం లేదు. మెయిన్స్ వైపు సర్క్యూట్‌కి ఒకటి, మనం ముట్టుకునే వైపుకి ఒకటి పెట్టుకుంటే పెట్టెలోకి వచ్చే వైరు ఒకటే అయినా లోపల గ్రౌండ్లు రెండు.

కరెంటు, యూనిట్లు కొలవడానికి అందరూ వాడే పీజెడ్ఈఎమ్-004టీ బోర్డును ఒకసారి తిరగేసి చూడండి. కొలిచే సగం తన సప్లైని మెయిన్స్ నుంచే తీసుకుంటుంది, దాని గ్రౌండు మెయిన్స్ తోనే. సీరియల్ వైర్లు వచ్చే సగానికి 5 వోల్టులు మన కంట్రోలర్ ఇవ్వాలి. మధ్యలో వారధి ఆప్టోకప్లర్లు. "మెయిన్స్ కరెంటు ఇచ్చాను కదా, ఇంకా 5 వోల్టులు ఎందుకు, డేటా రావట్లేదు" అని తల పట్టుకునేవాళ్ళు ఈ సంగతి తెలియక పట్టుకుంటారు. ఒకే బోర్డు మీద రెండు ఇళ్ళు, రెండు కరెంటు మీటర్లు అన్నమాట.

పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్

రెండు సెకండరీలు (ఔట్‌పుట్ వైండింగులు) ఉన్న ఇనప ట్రాన్స్‌ఫార్మర్‌ని చిన్నచూపు చూడొద్దు. ఒక ప్రైమరీ, ఒక ఫ్యూజు, రెండు విడి వైండింగులు. స్విచింగ్ నాయిస్ అసలుండదు కాబట్టి ఆడియోకీ కొలతలకీ నేనిప్పటికీ దీన్నే తీస్తాను. కానీ అడిగేటప్పుడు జాగ్రత్త. 12-0-12 అంటే మధ్యలో టాప్ ఉన్న ఒకే వైండింగు, దాంతో రెండు గ్రౌండ్లు రావు. కావలసింది 0-12, 0-12. నాలుగు వైర్లుండాలి, రెండు జతల మధ్య బీప్ రాకూడదు.

12 వోల్టుల ఏసీని డయోడ్ బ్రిడ్జితో డీసీ చేసి కెపాసిటర్ పెడితే 15 వోల్టుల పైమాటే వస్తుంది. దాన్ని 7805తో 5 చేసి 300 మిల్లీ ఆంప్స్ లాగితే, పనికొచ్చేది 1.5 వాట్లు, వేడిగా పోయేది 3 వాట్లు. హీట్‌సింక్ లేకుండా వేలు పెట్టలేరు. ఆడియో, కొలతలు కాని పనికైతే ఇక్కడ ఒక్కో వైండింగుకీ ఒక్కో ఎల్ఎమ్2596 పెట్టుకోండి. గుజరాతీ గల్లీ నుంచి నాకు వచ్చిన నీలం బోర్డుకి సరైన చోటు ఇదే, వైండింగు గ్రౌండును ముందే విడదీసింది కాబట్టి. లైను వోల్టేజీ 160కి పడితే 12 వోల్టుల వైండింగు 8.3 అవుతుంది. దాంతో 5 వోల్టులు తేలిగ్గానే వస్తాయి గానీ 12 వోల్టుల రిలే మాత్రం పట్టుకోకపోవచ్చు. పల్లెలో మోటారు షెడ్డుకి చేసేవాళ్ళు 5 వోల్టుల రిలే తీసుకోవడం మంచిది.

బ్యాటరీ సంగతి ఒక్క ముక్కలో: అప్పుడప్పుడు మాత్రమే వాడే కొలత పరికరమైతే 18650 సెల్ (ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ) కంటే పక్కా ఐసోలేషన్ లేదు, కానీ 24 గంటలు నడిచేదాన్ని దానిమీద పెట్టకండి. సొంతంగా పీసీబీ గీసేవాళ్ళకు ఏడీఎమ్2587ఈ లాంటి చిప్పులున్నాయి. ఆర్ఎస్-485 (దూరం వైర్ల మీద డేటా పంపే పద్ధతి) డ్రైవరు, ఐసోలేషన్, సప్లై అన్నీ ఒకే ప్యాకేజీలో. లోపలి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 180 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది కాబట్టి లేఅవుట్ అలవాటు లేనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

నేను చివరికి పెట్టింది

అడాప్టరు ఒకటే ఉంచాను. అది ఈఎస్పీకి నేరుగా, ఒక బీ0505ఎస్‌కి కూడా. బీ0505ఎస్ ఔట్‌పుట్ జేడీ-వీసీసీకి, అడ్డంగా 220 ఓమ్‌లు. మెయిన్స్‌ని విడదీసే పని రిలే కాంటాక్టులదీ అడాప్టరుదీ, మాడ్యూల్‌కి ఆ భారం లేదు. రీసెట్లు పదిలో ఏడు నుంచి రెండుకి తగ్గాయి. ఆ రెండూ పోవడానికి ఐసోలేషన్ పనికిరాలేదు. కాంటాక్టర్ కాయిల్ విడిచినప్పుడు కొట్టే స్పైకు గాల్లోంచీ వైర్లలోంచీ వస్తోంది. కాయిల్‌కి అడ్డంగా 100 ఓమ్‌లు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కెపాసిటర్ (మెయిన్స్ మీద పెట్టే రకం) సిరీస్‌లో స్నబ్బర్‌గా, అంటే స్పైకును మింగే జతగా, కట్టాక ఆగిపోయాయి. నిజానికి ముందు ఆ స్నబ్బర్ కట్టి చూసి, తర్వాత ఐసోలేషన్ గురించి ఆలోచించి ఉండాల్సింది. మీకూ ఇదే బాధైతే ఆ వరసలోనే వెళ్ళండి, డబ్బులు మిగులుతాయి.

అంతా అయ్యాక రెండు గ్రౌండ్ల మధ్య మీటరు పెడితే ఓఎల్ అని, అంటే మధ్యలో దారి లేదని చూపించింది. ఎర్తు చేసిన ఇనప డబ్బాలో బోర్డులు బిగించి, అలవాటు కొద్దీ ఇంకోసారి పెట్టాను. బీప్! వైర్లన్నీ ఒక్కొక్కటే పీకాను, ఇంకా బీప్. రిలే బోర్డు మూలలో ఉన్న స్క్రూ తల గ్రౌండు పట్టీని ఆనుకుంది, ఈఎస్పీ బోర్డు స్క్రూ దాని గ్రౌండును ఆనుకుంది, మధ్యలో డబ్బా రెండింటినీ కలిపేసింది. సైకిల్ షాపు పక్క హార్డ్‌వేర్ కొట్లో నైలాన్ వాషర్లు, ప్లాస్టిక్ స్టాండాఫ్‌లు తెచ్చి బిగించి మళ్ళీ ఓఎల్ చూశాకే మూత వేశాను.